చారల చేప పేగులో పెరిగే లోకం

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి ఎల్బీ నగర్ మీదుగా ఉప్పల్ దాటితే సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వస్తుంది. అక్కడి శాస్త్రవేత్తలు పరిశోధనకు వాడే జీవుల్లో చిటికెన వేలంత చారల చేప ఒకటుంది. అదే జీబ్రా చేప. మన ఉపఖండపు చేపే. గంగానది చేపల మీద ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో ప్రచురించిన పుస్తకంలో దీని వర్ణన ఉంది. దీని పిండం గాజులా పారదర్శకం. గుండె కొట్టుకోవడం, పేగు రూపుకట్టడం సూక్ష్మదర్శినిలో నేరుగా చూడొచ్చు. మనిషి జన్యువుల్లో దాదాపు 70 శాతానికి ఈ చేపలో సాటి జన్యువులున్నాయి.

చేపను చూస్తున్నామంటే దాని పేగులోని బ్యాక్టీరియానూ కలిపి చూస్తున్నట్టే. గుడ్డులో ఉన్నంతకాలం ఆ పేగులో ఏ సూక్ష్మజీవీ ఉండదు. పిల్ల బయటపడి నోరు తెరిచాక నీళ్లలోంచి, మేతలోంచి అవి లోపలికి చేరతాయి. గుడ్లను శుభ్రపరిచి సూక్ష్మజీవులు లేని నీళ్లలో పెంచితే, పేగు గోడలో కొత్త కణాలు పుట్టడం తగ్గుతుందని జాన్ రాల్స్, జెఫ్రీ గోర్డన్‌ల బృందం 2004లో చూపింది. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు క్లోమంలో పెరగడానికి పేగు బ్యాక్టీరియా విడుదల చేసే ఒక ప్రోటీన్ తోడ్పడుతుందని 2016లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం తేల్చింది. ఇంటింటా షుగర్ మాట వినిపించే మనకు ఇది చిన్న సంగతి కాదు.

మరి ఆ పేగులో ఎవరుండాలో నిర్ణయించేది నీళ్లా, చేపా? 2006లో ఎలుక పేగు బ్యాక్టీరియాను చేపలోకి, చేపదాన్ని ఎలుకలోకి మార్చి చూశారు. వచ్చిన జాతులు పాతవే అయినా వాటి పాళ్లు కొత్త ఇంటి తీరుకు దగ్గరయ్యాయి. మన దేశంలో పట్టిన చేపలనూ ల్యాబ్ చేపలనూ 2011లో పోల్చినప్పుడు రెండిట్లోనూ ఉమ్మడి బ్యాక్టీరియా గుంపులు కనిపించాయి. అంటే చేపకూ తన ఎంపిక ఉంది.

అలాగని నీళ్లను, మేతను పక్కన పెట్టలేం. ఒక ల్యాబ్‌లో మేతగా ఆర్టీమియా అనే బుల్లి ఉప్పునీటి జీవి పిల్లలు, మరో ల్యాబ్‌లో పొడి మేత. తొట్టి మారితే బ్యాక్టీరియా పాళ్లూ మారతాయి, వాటితోపాటు ప్రయోగ ఫలితమూ మారవచ్చు. అందుకే పరిశోధన పత్రంలో చేప వయసు, జాతి రాసినంత శ్రద్ధగా మేత, నీటి శుద్ధి, పేగు బ్యాక్టీరియా వివరాలూ రాయాలి. చేపల్లో మందు పనిచేసిందన్న వార్త చదివినప్పుడు, ఆ చేపలు ఏం తిన్నాయో, ఏ నీళ్లలో పెరిగాయో కూడా అడగండి.