పాలపళ్ల పిల్లికి పాలన్నం చాలదు!

పిల్లిని పెంచుకునే ఇళ్లలో దానికి రోజూ పాలన్నమే పెడుతుంటారు. కానీ పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. చిల్కూరులోని మృగవని జాతీయ ఉద్యానంలో తిరిగే అడవిపిల్లి ఎలుకల్నీ పిట్టల్నీ వేటాడేది అందుకే. మాంసంలో ఉండే టారిన్ అందకపోతే పిల్లికి చూపు పోవచ్చు, గుండె దెబ్బతినొచ్చు.

పిల్లికూనకి 26 పాలపళ్లు ఉంటాయి. మూడున్నర నెలల నుంచి అవి ఊడటం మొదలై, ఆరేడు నెలలకల్లా 30 శాశ్వత దంతాలొస్తాయి. అప్పుడు చిగుళ్లు నొప్పెడతాయి కాబట్టి మెత్తని తిండే మేలు. ఉడికించిన ఎముకలు పెట్టొద్దు, విరిగి గుచ్చుకుంటాయి. కరకరలాడే క్యాట్‌ఫుడ్ నమిలినంత మాత్రాన పళ్లు శుభ్రపడవు. కూనగా ఉన్నప్పట్నుంచే పళ్లు తోమడం అలవాటు చేయాలి... మనుషుల పేస్టుతో కాదు, పిల్లుల కోసం చేసిన దాంతోనే. నోరు వాసనొస్తున్నా, చొంగ కారుస్తున్నా, తిండి మానేసినా పశువైద్యుడికి చూపించాల్సిందే!