ఇంటివద్ద మాతృభాషాభ్యాసం: తగిన పుస్తకాల ఎంపిక

ఉద్యోగరీత్యానో వ్యాపారరీత్యానో స్వస్థలం విడిచి ఖరగ్‌పూర్, భిలాయి, ముంబయి, చెన్నై వంటి నగరాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం ఉన్నాయి. వీరి పిల్లలలో పలువురు ఇంటిలో ధారాళంగా తెలుగు మాట్లాడుతారు. కాని స్వగ్రామంలోని తాతగారికి నాలుగు పంక్తుల ఉత్తరం వ్రాయవలసివస్తే తటపటాయిస్తారు. పదునాలుగు, పదిహేనేండ్ల ప్రాయంలో లిపి పట్టుబడకపోతే, ఆ తరువాత ఉన్నతవిద్య, ఉద్యోగాన్వేషణల ఒత్తిడిలో ఆ లోటు తీరే అవకాశం స్వల్పం. అప్పుడు మాతృభాష చెవికి మాత్రమే తెలిసిన భాషగా మిగిలిపోతుంది.

అనారోగ్యం, తరచు బదిలీలు, క్రీడాశిక్షణ, తల్లిదండ్రుల నిర్ణయం వంటి కారణాలవల్ల బడికి వెళ్లక ఇంటివద్దనే చదువుకునే బాలబాలికల విషయంలో ఈ సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఇట్టివారికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ పరీక్షలు ఒక మార్గం. 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాలగా ఏర్పడిన ఈ సంస్థ 2002లో నేటి పేరు పొందింది. 14 ఏండ్లు నిండినవారు మాధ్యమిక పరీక్షకు నమోదు కావచ్చు. ఎన్నుకోదగిన భాషలలో తెలుగు కూడా ఉన్నది. అయితే వ్రాసిన ప్రతి వాక్యాన్నీ దిద్దే ఉపాధ్యాయుడు ఇంటిలో ఉండడు. ఆ పనిని చాలావరకు పుస్తకమే చేయవలసి ఉంటుంది. కనుక పుస్తకాన్ని ఎన్నుకొనే ముందు విద్యార్థి చేసే పొరపాట్లు ఎక్కడినుండి పుట్టుతున్నవో గ్రహించడం అవసరం.

పొరపాట్ల మూలం

అక్షరదోషాలు కేవలం అశ్రద్ధవల్ల కలిగేవి కావు. విద్యార్థి ముందుగా నేర్చిన లిపి వాటిలో పెక్కింటికి కారణం. హిందీలో హ్రస్వ ఎ, ఒ లకు ప్రత్యేకాక్షరాలు వాడుకలో లేవు. అందువల్ల హిందీ మాధ్యమంలో చదివినవారు మెడ–మేడ, కొన–కోన వంటి జంటలలో తడబడుతారు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ లకు ఒకే అక్షరం. అందుచేత ఆ లిపికి అలవాటుపడినవారికి కుడి–గుడి, కాలి–గాలి జంటలు ప్రత్యేకంగా అభ్యాసం చేయించాలి. బెంగాలీలో ఇ–ఈ, ఉ–ఊ లకు వేర్వేరు అక్షరాలున్నా ఉచ్చారణలో ఆ భేదం పాటింపబడదు. అక్కడ చదివినవారు ఉరి–ఊరి, విడు–వీడు వంటి జంటలపై శ్రద్ధ వహించాలి. కన్నడ, తెలుగు లిపులు ఒకే మూలంనుండి వచ్చినవి. కన్నడం చదివినవారికి తెలుగు లిపి త్వరగా పట్టుబడుతుంది. పోలికగల అక్షరాలను కలగాపులగం చేయకుండా చూసుకుంటే చాలు.

ఇంగ్లీషు వర్ణక్రమం నేర్పే పుస్తకాల పద్ధతి తెలుగుకు అన్నివిధాల పనికిరాదు. ఇంగ్లీషులో ‘నైట్’ అనే ఒకే ఉచ్చారణకు రాత్రి అనీ, యోధుడనీ రెండు అర్థాలు ఉన్నాయి. వాటి వర్ణక్రమాలు వేరు. అక్కడ పదాన్ని రూపంతో సహా జ్ఞాపకం ఉంచుకోవలసిందే. తెలుగులో చెవి చాలావరకు చేయికి దారి చూపుతుంది. సంస్కృతంనుండి వచ్చిన పదాలు మాత్రం దీనికి మినహాయింపు. వాడుకలో ఒత్తక్షరాలను పలువురు స్పష్టంగా పలుకరు. అర్థం అంటే భావమనీ, అర్ధం అంటే సగమనీ చూసి నేర్వవలసి ఉంటుంది. కాబట్టి మంచి తెలుగు పుస్తకంలో అక్షరాల జంటలూ, ఇట్టి పదాల పట్టికా రెండూ ఉండాలి.

పుస్తకానికి నాలుగు పరీక్షలు

మొదటిది, జవాబులు పుస్తకం చివర ఉన్నవా అన్నది. తన తప్పును తానే కనుగొనే వీలు లేనిది స్వయంబోధిని కాజాలదు. రెండవది, విని వ్రాసే అభ్యాసాలకు అవకాశం ఉన్నదా అన్నది. ధ్వనిముద్రిక లేకున్నా తల్లిగాని తండ్రిగాని చదివి వినిపించదగిన పాఠాలు ఉంటే సరిపోతుంది. మూడవది, విషయం వయస్సుకు తగినదా అన్నది. పెద్దబాలశిక్ష వంటి పుస్తకాలు పక్కన గురువు కూర్చుని చెప్పే పద్ధతికి అనువైనవి. పదిహేనేండ్ల విద్యార్థి ముందు పసిపిల్లల వాచకం ఉంచితే ఉత్సాహం సన్నగిల్లుతుంది. నాలుగవది, నేర్చిన అంశాలు తరువాతి పాఠాలలో మరల వస్తున్నవా అన్నది.

మైసూరులో 1969లో స్థాపితమైన భారతీయ భాషల కేంద్ర సంస్థ భాషాభ్యాసానికి పుస్తకాలు, ధ్వనిముద్రికలు రూపొందించింది. పరభాషీయులకై ఉద్దేశించిన పుస్తకాలలో సంభాషణ పాఠాలు విస్తారంగా ఉంటాయి. మాట వచ్చి వ్రాత రానివారు వాటిలో లిపిభాగాన్ని మాత్రమే వాడుకుంటే చాలు. నిఘంటువు విషయంలోనూ విచక్షణ అవసరం. 1885లో వెలువడిన శబ్దరత్నాకరం ప్రాచీన కావ్యపదాలకు ప్రామాణికం. నేటి వాడుకపదాలకు ఆధునిక నిఘంటువు కావాలి.

పుస్తకం కొనడానికి ముందు ఒక చిన్న పరీక్ష ఉపకరిస్తుంది. దినపత్రికలోని నూరు మాటల భాగాన్ని పెద్దవారు చదవగా విద్యార్థి వ్రాయాలి. తరువాత తానే అచ్చుప్రతితో పోల్చి, తప్పులను మూడు వరుసలుగా విభజించుకోవాలి: దీర్ఘం, హ్రస్వం వంటి ధ్వనిభేదాలవి, ఒత్తులు, గుణింతాల రూపాలవి, జ్ఞాపకం ఉంచుకోవలసిన పదాలవి. ఏ వరుస పెద్దదైతే దానికి ఎక్కువ పాఠాలు కేటాయించిన పుస్తకమే తగినది. వారం తరువాత అదే భాగాన్ని మరల వ్రాయిస్తే ప్రగతి తెలుస్తుంది. ఇంటిలో మాట్లాడే మాండలిక రూపాలను తప్పులుగా లెక్కించరాదు. పరీక్షపత్రంలో గ్రంథభాష, తాతగారి ఉత్తరంలో ఇంటిభాష రెండూ తమతమ స్థానాలలో సరియైనవే.

ఈ పద్ధతి తెలుగువారికే పరిమితం కాదు. తెలుగు నేర్వదలచిన తమిళ విద్యార్థికి కుడి–గుడి జంట ఎంత అవసరమో, హిందీ విద్యార్థికి మెడ–మేడ జంట అంతే అవసరం. పొరుగు లిపి ఏ భేదాన్ని చూపుతుందో, ఏ భేదాన్ని చూపదో తెలుసుకున్నవారికి రెండవ భారతీయ భాష నేర్చుకోవడంలో సగం శ్రమ తగ్గినట్లే.