నట్టల మందు: ఆకు పసరా, అంగడి సీసానా?

తొలకరి పడి బీళ్లు పచ్చబడితే మందకు మేత దొరుకుతుంది, మేతతోపాటే నట్టలూ పెరుగుతాయి. అప్పుడు ఊళ్లో రెండు వాదాలు వినిపిస్తాయి. వేపాకు పసరు చాలంటారు కొందరు, నెలనెలా సీసా మందు తాపకపోతే మంద నిలవదంటారు ఇంకొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజం, చాలా అపోహ ఉన్నాయి.

అపోహ: ఆకులు, దినుసులు సహజమైనవి కాబట్టి హాని చేయవు. కంపెనీ మందులన్నీ విషమే.

వాస్తవం: నట్టలకు విరివిగా వాడే ఐవర్‌మెక్టిన్ మూలం మట్టిలోనే ఉంది. జపాన్ శాస్త్రవేత్త సతోషి ఒమురా సేకరించిన మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి అది పుట్టింది. ఈ కృషికే ఒమురాకు, ఈ మందు మీదే పనిచేసిన విలియం క్యాంబెల్‌కు 2015లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఇక పాతకాలం నుంచీ నట్టలకు తాపుతున్న మైలుతుత్తాన్ని చూడండి. అందులో ఉండేది రాగి. మిగతా పశువుల కంటే గొర్రె రాగిని తట్టుకోలేదు. అది కాలేయంలో పేరుకుని, ఒక్కసారిగా రక్తంలోకి దిగితే కామెర్లు వచ్చి, మూత్రం ముదురు ఎరుపుకు తిరిగి జీవం చనిపోతుంది. మేలైనా కీడైనా మోతాదును బట్టే గాని, పుట్టిన చోటును బట్టి కాదు.

అపోహ: వేపాకు, వెల్లుల్లి పసరు పోస్తే సీసా మందు అక్కర్లేదు.

వాస్తవం: ప్రయోగశాలలో పసరు తగిలి నట్టల గుడ్లు చావడం వేరు, గొర్రె పొట్టలో నట్ట చావడం వేరు. పొట్టలో చేరిన పసరు మేతతో, నీళ్లతో కలిసి పలచబడుతుంది. అందుకే వేప, వెల్లుల్లి మీద జరిగిన పరీక్షల్లో ఫలితాలు ఒక్క తీరుగా రాలేదు. తుమ్మలాంటి వగరు మేతల సంగతి కొంత నయం. వాటిలోని టానిన్లు నట్టల గుడ్ల సంఖ్యను కొంతవరకు తగ్గిస్తాయి. వాటిని రోజూ మేతలో భాగంగా మితంగా ఇస్తే మంచిదే. అయితే రక్తం లేక నిలబడలేని గొర్రెను బతికించే శక్తి వాటికి లేదు.

అపోహ: పారుకుంటేనే నట్టలున్నట్టు. పెంటికలు గట్టిగా పడితే భయం లేదు.

వాస్తవం: మందను ఎక్కువగా చంపే నట్ట హీమాంకస్. ఇది గొర్రె నాలుగో పొట్టలో ఉండి రక్తం పీలుస్తుంది. ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. దీనివల్ల సాధారణంగా పారుడు ఉండదు. కళ్లు పాలిపోవడం, దవడ కింద నీరు దిగడం, మంద వెనక పడిపోవడం దీని గుర్తులు. పెంటికల్లో మెతుకుల్లా కనిపించేవి బద్దె పురుగు ముక్కలు. అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి భయపెడతాయి కానీ పెద్ద గొర్రెలకు వాటితో ముప్పు తక్కువ.

అపోహ: నెలకోసారి మంద మొత్తానికి మందు తాపితే నట్టలు నశిస్తాయి.

వాస్తవం: అలా చేస్తే మందుకు లొంగని నట్టలే మిగిలి, వాటి సంతతే పెరుగుతుంది. థయాబెండజోల్ అనే నట్టల మందు 1961లో మార్కెట్లోకి వచ్చింది. దానికి లొంగని హీమాంకస్ గురించి 1964 నాటికే శాస్త్రవేత్తలు రాశారు. పైగా నట్టలు మందంతా సమానంగా ఉండవు, కొన్ని గొర్రెల్లోనే ఎక్కువగా చేరతాయి. ఈ సంగతి ఆధారంగా దక్షిణాఫ్రికాలో ఫమాచా పద్ధతి పుట్టింది. కింది కనురెప్ప లోపలి రంగును అయిదు మెట్ల పట్టీతో పోల్చి, పాలిపోయిన వాటికే మందు ఇస్తారు. మందు పడని గొర్రెల్లో మందుకు లొంగే నట్టలు మిగిలి ఉంటాయి. అవి మొండి నట్టలతో కలిసి సంతతి పెంచడం వల్ల మందు ఎక్కువ కాలం పనిచేస్తుంది. అయితే ఈ పట్టీ రక్తం తగ్గిందా లేదా అనే చెబుతుంది. రక్తం పీల్చని నట్టలకు పెంటికల పరీక్షే దారి.

అపోహ: సీసా మీద పేరు మారితే మందు మారినట్టే. ఐవర్‌మెక్టిన్ అన్నిటికీ పనిచేస్తుంది.

వాస్తవం: ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ ఒకే కుటుంబం. ఒకదానికి మొండికేసిన నట్ట రెండోదానికీ సాధారణంగా లొంగదు. ఐవర్‌మెక్టిన్ బద్దె పురుగుల మీద, కార్జపు జలగల మీద పనిచేయదు. జలగల్లో కూడా ఆల్బెండజోల్ ఎదిగినవాటినే చంపుతుంది, పిల్ల జలగలకు ట్రైక్లాబెండజోల్ కావాలి. ఏ మందైనా బరువును బట్టి ఇవ్వాలి. కంటి అంచనాతో తక్కువ పోస్తే నట్టలకు మందును అలవాటు చేసినట్టే.

అపోహ: చూడి గొర్రెకు నట్టల మందు తాపితే ఈచుకుపోతుంది.

వాస్తవం: ఈ భయం కొంత నిజమే. చూడి తొలి నెలలో ఆల్బెండజోల్ ఇవ్వకూడదు, పిండానికి హాని. అలాగని చూడి కాలమంతా మందు మానేస్తే నష్టం. ఈత దగ్గరపడిన గొర్రెలో రోగనిరోధక శక్తి తగ్గి, నట్టలు ఎక్కువ గుడ్లు పెడతాయి. ఆ గుడ్లే పుట్టబోయే పిల్లలు మేసే గడ్డి మీదికి చేరతాయి. అప్పుడు ఏ మందు ఇవ్వాలో పశువైద్యుడిని అడగాలి.

అపోహ: సహజ పద్ధతి అంటే మందు అసలు ముట్టకపోవడం.

వాస్తవం: సహజ పద్ధతిలో అసలు బలం మేపులో ఉంది. వానాకాలంలో పెంటికల్లోని గుడ్లు వారం తిరిగేలోపే అంటుకునే పిల్లపురుగులవుతాయి. అవి ఎక్కువగా గడ్డి మొదట్లో రెండంగుళాల లోపే ఉంటాయి. కాబట్టి మంచు ఆరాక మేపడం, పొట్టి గడ్డిని మరీ మొదలంటా మేయనివ్వకపోవడం, చెట్ల రొట్ట కోసి వేయడం, మేసిన బీడును కొన్నాళ్లు వదిలేయడం పనికొస్తాయి. నత్తలుండే చెరువు అంచుల్లో మేపకపోతే జలగల బెడద తగ్గుతుంది. పిండిపదార్థాలే కాక మాంసకృత్తులున్న మేత దొరికిన గొర్రె నట్టలను బాగా తట్టుకుంటుంది. సుందరబన్స్‌లోని గరోల్ వంటి జాతులకు హీమాంకస్‌ను ఎదిరించే గుణం పుట్టుకతోనే ఉంది. ఇవన్నీ నట్టలను రానీయకుండా చూసే మార్గాలు. జబ్బు ముదిరిన జీవానికి మందు మానేయమని సేంద్రియ పెంపకం నియమాలు కూడా చెప్పవు.

మేపు నట్టలను తగ్గిస్తుంది, మందు గొర్రెను బతికిస్తుంది. ఒకటి ఉందని రెండోది వదులుకోవద్దు. ఆకు పసరైనా, అంగడి మందైనా తాపే ముందు ఒకసారి, తాపిన పది పద్నాలుగు రోజులకు మరోసారి పెంటికలను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి గుడ్లు లెక్కించమనండి. ముందటి లెక్కతో పోల్చి గుడ్లు బాగా తగ్గితేనే ఆ మందు పనిచేసినట్టు.