టర్బో పీల్చే గాలి

ఒకప్పుడు మన రోడ్ల మీద టర్బో అంటే డీజిల్ కారే. ఇప్పుడు వెన్యూ, నెక్సాన్, ఫ్రాంక్స్ లాంటి కుటుంబాలు కొనుక్కునే పెట్రోల్ కార్లలోనూ టర్బో ఉంది. దాంతోపాటే ఒక కోరికా మొదలైంది. బానెట్ కింద కంపెనీ బిగించిన నల్లటి ప్లాస్టిక్ డబ్బాను పీకేసి, మెరిసే అల్యూమినియం గొట్టం, దాని చివర శంకువులాంటి కోన్ ఫిల్టర్ పెట్టించాలని. దారి వెడల్పైతే గాలి ఎక్కువ వెళ్తుంది, గాలి ఎక్కువైతే పికప్ పెరుగుతుంది అన్నది అమ్మేవాళ్ల మాట. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఖర్చు తక్కువలో తేలాలంటే టర్బో కారుకు చూడాల్సింది దారి వెడల్పు కన్నా ముందు, లోపలికి పోయే గాలి ఎంత చల్లగా, ఎంత శుభ్రంగా ఉందన్నది. అందుకే కంపెనీ డబ్బాను ఉన్నచోటే ఉంచి, లోపలి ఫిల్టర్ ఒక్కటే మార్చుకోవడం చాలామందికి మంచి బేరం అంటాను.

ఇంజిన్ నుంచి పోయే పొగ ఒత్తిడికి టర్బోలో ఒక చక్రం తిరుగుతుంది. అదే ఇరుసుకు రెండో చివరనున్న కంప్రెసర్ చక్రం బయటి గాలిని లాగి, కుదించి ఇంజిన్‌లోకి తోస్తుంది. కుదిస్తే గాలి వేడెక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చురుక్కుమనేది అందుకే. ఇక్కడ ఒక చిన్న లెక్క వేద్దాం. ఎండాకాలంలో బయటి గాలి 40 డిగ్రీలు, వాతావరణ పీడనం 100 కిలోపాస్కల్స్ అనుకుందాం. టర్బో దాన్ని 200కు పెంచాలి. కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం. ఫిల్టర్ దగ్గర 4 కిలోపాస్కల్స్ పోతున్నచోట మంచి ఫిల్టర్ వేసి 2కు తగ్గించామనుకుంటే, టర్బో నుంచి బయటపడే గాలి సుమారు 3 డిగ్రీలు చల్లబడుతుంది. అది లాభమే. ఇప్పుడు రెండో వైపు చూడండి. కోన్ ఫిల్టర్‌కు చుట్టూ అడ్డు లేక అది బానెట్ కింద మరిగే 70 డిగ్రీల గాలిని పీల్చిందనుకుందాం. లోపలికి 30 డిగ్రీలు ఎక్కువగా వెళ్లిన గాలి, టర్బో దాటేసరికి దాదాపు 39 డిగ్రీలు ఎక్కువ వేడితో బయటికి వస్తుంది. సంపాదించింది మూడు, పోగొట్టుకున్నది ముప్ఫై తొమ్మిది.

ఇంటర్‌కూలర్ ఉంది కదా, అది చల్లబరచదా అని అడగొచ్చు. చల్లబరుస్తుంది, కానీ మొత్తం కాదు. వచ్చిన అదనపు వేడిలో 70 శాతం తీసేసినా ఆ 39లో దాదాపు 12 డిగ్రీలు మిగిలిపోతాయి. పెట్రోల్ ఇంజిన్‌లో గాలి వేడెక్కేకొద్దీ ఇంధనం వేళకాని వేళ భగ్గుమనే నాకింగ్ ముప్పు పెరుగుతుంది. దాన్ని పసిగట్టిన ఇంజిన్ కంప్యూటర్ (ఈసీయూ) స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, దాంతో బలం తగ్గుతుంది. హైవే మీద గాలి ధారాళంగా తగులుతుంటే బానెట్ కింద అంత వేడి నిలవదన్నదీ నిజమే. అక్కడ తేడా అయిదు డిగ్రీలకు దిగినా, టర్బో దాటాక అది ఆరున్నర అవుతుంది. మనం మిగుల్చుకున్న మూడు డిగ్రీల కన్నా అది ఇంకా రెట్టింపే. ఇక అమీర్‌పేట సిగ్నల్ దగ్గరో, బెంజ్ సర్కిల్ దగ్గరో మే నెల మధ్యాహ్నం ఆగి కదిలే కారు సంగతి చెప్పక్కర్లేదు. ఇంజిన్ బలం కొలిచే డైనో మీద పెరిగిన హార్స్‌పవర్ చూపిస్తారు కానీ, ఆ పరీక్షలో చాలాసార్లు బానెట్ తెరిచి, ముందు పెద్ద ఫ్యాన్ పెడతారు. రోడ్డు మీద బానెట్ మూసే నడుపుతాం.

దుమ్ము సంగతి ఇంకా పెద్దది. చిన్న టర్బోల కంప్రెసర్ నిమిషానికి రెండు లక్షల చుట్ల దాకా తిరుగుతుంది. ఆ వేగంలో సన్నటి ఇసుక రేణువు తగిలినా రెక్కల అంచులు అరుగుతాయి. అది దాటితే సిలిండర్ గోడలూ, పిస్టన్ రింగులూ అరుగుతాయి. కొన్ని వందల రూపాయలకు దొరికే కంపెనీ పేపర్ ఫిల్టర్ సన్న దుమ్మును ఆపడంలో చాలా గట్టిది, దాన్ని తక్కువగా చూడకూడదు. నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్లు కడిగి మళ్లీ వాడుకోవచ్చు, గాలినీ తేలిగ్గా వదులుతాయి. అయితే కడిగాక నూనె ఎక్కువ పోస్తే అది ఎయిర్ ఫ్లో సెన్సర్ తీగకు అంటుకుని కొలతలు తప్పుతాయి. కొనేముందు ఐఎస్ఓ 5011 పద్ధతిలో చేసిన పరీక్ష ఫలితాలు కంపెనీ బయటపెట్టిందా అని అడగండి. ఎంత దుమ్ము ఆపింది, ఎంత గాలి వదిలింది అన్న రెండు అంకెలూ అందులో పక్కపక్కనే ఉండాలి. ఒక్కటే చెప్పేవాళ్ల సరుకు నాకైతే నమ్మకం కలిగించదు.

పూర్తి ఇన్‌టేక్ కిట్ ఎవరికీ అక్కర్లేదని కాదు. ఈసీయూ రీమ్యాప్ చేయించి బూస్ట్ పెంచినవాళ్లకూ, పెద్ద టర్బో వేయించినవాళ్లకూ గాలి అవసరం నిజంగా పెరుగుతుంది. వాళ్లు కూడా చుట్టూ మూసిన డబ్బా ఉండి, గ్రిల్ దగ్గరి బయటి గాలిని తెచ్చే కిట్టే చూసుకోవాలి. గొట్టంలో ఎయిర్ ఫ్లో సెన్సర్ కూర్చునే చోట లోపలి వ్యాసం అసలుదానితో సమానంగా ఉండాలి. తేడా వస్తే ఈసీయూ గాలిని తప్పుగా లెక్కగట్టి పెట్రోల్‌ను తప్పుగా కలుపుతుంది. క్రాంక్‌కేస్ ఆవిరి వచ్చే సన్న పైపుకు చోటు లేని కిట్టును అసలు ముట్టుకోవద్దు. ఫిల్టర్‌ను బంపర్ కిందికి దించే కిట్లయితే వానాకాలంలో ముంపు నీళ్లను పీల్చి, ఒక్కసారిగా ఇంజిన్ కనెక్టింగ్ రాడ్లు వంగే ప్రమాదం ఉంది. వారంటీ ఉన్న కారైతే షోరూంలో ముందే అడిగి, జవాబు రాయించుకోవాలి. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నియంత్రిస్తుందన్నదీ గుర్తుంచుకోవాలి.

టర్బో ఈల, గాలి వదిలే బుస్సుమనే శబ్దం చాలామందికి ఇష్టం. శబ్దం కోసమే డబ్బు పెడుతున్నామని తెలిసి పెడితే ఇబ్బంది లేదు. ఆ చప్పుడును పికప్‌గా పొరబడితేనే నష్టం. నిజం తేల్చుకోవడానికి చవకైన సాధనం ఒకటుంది. రెండు మీటర్ల పారదర్శక గొట్టాన్ని ‘యూ’ ఆకారంలో ఒక చెక్కకు కట్టి, సగం దాకా నీళ్లు పోయాలి. తెలిసిన మెకానిక్ చేత ఒక కొసను ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య కలిపించి, రెండో కొసను తెరిచి ఉంచాలి. ఖాళీ రోడ్డులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు రెండువైపుల నీటి మట్టాల తేడాను పక్కన కూర్చున్నవాళ్లు కొలవాలి. 10 సెంటీమీటర్లకు సుమారు ఒక కిలోపాస్కల్. మాసిన ఫిల్టర్‌తో ఒకసారి, కొత్త పేపర్ ఫిల్టర్‌తో మరోసారి కొలిస్తే, ఆ కంపెనీ డబ్బా నిజంగా ఎంత గాలిని ఆపుతోందో సెంటీమీటర్లలో కనబడుతుంది.