పొగ లేని నిప్పుతోనే ఎక్కువ జాగ్రత్త



కాన్పు అయిన తల్లిని ఇంటికి పంపేటప్పుడు, పాల గురించి, టీకాల గురించి చెప్పిన తరువాత, వెంట వచ్చిన పెద్దవాళ్లను మేము ఒక మాట అడుగుతాం: "అమ్మా, బాలింత గదిలో కుంపటి పెడతారా?"

"పెడతాంలే సిస్టరమ్మా. బొగ్గులు బాగా రాజుకొని పొగ పోయినాకనే లోపలికి తెస్తాం. తలుపు మూసేస్తే చలిగాలి రాదు" అంటారు.

మా భయమంతా ఆ జవాబుతోనే. పొగ అయితే కళ్లు మండించి, దగ్గు తెప్పించి మనిషిని బయటికి పంపిస్తుంది. ఎర్రగా రాజిన బొగ్గు అలాంటి హెచ్చరిక ఏదీ చేయదు.

కట్టె, బొగ్గు, కిరసనాయిలు, వంటగ్యాసు అన్నిటిలోనూ కార్బన్ ఉంటుంది. మండేటప్పుడు గాలి చాలినంత అందితే ఒక్కొక్క కార్బన్ పరమాణువు రెండు ఆక్సిజన్ పరమాణువులతో కలిసి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. ఇది సంపూర్ణ దహనం. గాలి చాలకపోతే ఒక్క ఆక్సిజన్‌తోనే కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. కొంత కార్బన్ మసిగా మిగిలిపోతుంది. ఇది అసంపూర్ణ దహనం. బొగ్గులో పొగనిచ్చే పదార్థాలు చాలావరకు ముందే పోయి ఉంటాయి. మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది పేరుకుపోతుంది.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే ఈ వాయువును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇక ఒంటికి ఆక్సిజన్ అందదు. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషను కూడా అంకె బాగానే ఉన్నట్టు చూపి మోసం చేయవచ్చు. చంటిబిడ్డ మనకంటే వేగంగా ఊపిరి తీస్తుంది గనుక బిడ్డకు ముప్పు ఇంకా త్వరగా వస్తుంది.

తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, మత్తు దీని గుర్తులు. పైత్యం అనుకొని పడుకోబెట్టకండి. గదిలోని వారందరికీ ఒకేసారి ఇలా ఉండి, బయటికి వస్తే తేలికపడితే కుంపటినే అనుమానించండి. వెంటనే తలుపులు తెరిచి, అందరినీ బయటి గాలికి తెచ్చి, 108కి ఫోన్ చేయండి. దీనికి వైద్యం ఆక్సిజన్. ఆసుపత్రిలో "కుంపటి పెట్టినాం" అని తప్పక చెప్పండి.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చి ఎన్నో ఇళ్లకు గ్యాసు పొయ్యి చేరింది. దాని మంటనూ గమనించండి. నీలంగా ఉంటే గాలి సరిగా అందుతున్నట్టు. పసుపుగా మండి గిన్నె అడుగున మసి పడితే బర్నరు రంధ్రాలు శుభ్రం చేయించండి. వంటింటి కిటికీ తెరిచి ఉంచండి.

బిడ్డకు వెచ్చదనం కావాలంటే తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ముకు ఆనించి, ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పండి. సాంబ్రాణి నిప్పులైనా సరే, కుంపటి గడప బయటే ఉండనివ్వండి.