‘పోయొస్త’ను ఇంగ్లిష్‌లో ఏమంటారు?

ఎల్లారెడ్డిలో ఇంట్లోంచి బయల్దేరేటోళ్లు ‘పోత’ అనరు, ‘పోయొస్త’ అంటరు. దాన్నే ఇంటర్వ్యూలో లేచేటప్పుడు ‘ఐ విల్ గో అండ్ కమ్’ అంటే? గ్రామర్ తప్పేం లేదు. కానీ మనకది వీడ్కోలు, వాళ్లకు మళ్లీ లోపలికొస్తానన్న సమాచారం! మాట సందర్భాన్ని బట్టి ఏం పని చేస్తుందో చూడటం డిస్కోర్స్ చదువులో భాగమే.

సింటాక్స్ అంటే మా కోడింగోళ్లకు ఎర్రర్ మెసేజ్ గుర్తొస్తుంది. ఇక్కడ మాత్రం వాక్యం కట్టుబడిని విప్పి చూస్తారు. ‘నాకు ఆకలైతుంది’లో ఆకలి నాకు వస్తుంది, ఇంగ్లిష్‌లో నేనే ‘హంగ్రీ’. క్రియ మనకు చివర్న, వాళ్లకు మధ్యలో.

ఇక అర్థాల సంగతి. మనకు ‘మనం’, ‘మేము’ వేర్వేరు. ఇంగ్లిష్‌కు ‘వి’ ఒక్కటే. ‘వి గాట్ ద ప్రాజెక్ట్’ అని మెయిలొస్తే, అందులో నేనున్ననా లేనా? ఆ మాట ఒక్కటే చెప్పదు.

తెలుగు మీడియం పిల్లలు ఈ చదువంటే జంకుతారు. కానీ రెండు భాషలను పక్కపక్కన పెట్టి చూసే వీలు వాళ్లకే ఎక్కువ. హైదరాబాద్‌లో ఉస్మానియా పక్కనే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధనా సంస్థగా మొదలై, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. అప్లై చేసేముందు సిలబస్ చూడండి: ఎంఏ ఇంగ్లిష్ వేరు, ఎంఏ లింగ్విస్టిక్స్ వేరు.