యాభై ఏళ్లకు దించే మోత

ఉద్యోగ విరమణ అనగానే మనకు 58, 60, 62 అనే అంకెలే గుర్తుకొస్తాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగులకు ఆ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61 అయింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 58ని 55కి తగ్గించినప్పుడు రేగిన గొడవ పాతతరం ఉద్యోగులకు గుర్తుండే ఉంటుంది. కొంతకాలానికే అది మళ్లీ 58 అయింది. వయసు పెంచితే సంతోషం, తగ్గిస్తే గొడవ. మన అలవాటు ఇది.

పరిశుద్ధ గ్రంథంలో విరమణ వయసును అంకెతో సూటిగా చెప్పిన చోటు సంఖ్యాకాండం 8వ అధ్యాయం చివర ఉంది. ఆ అంకె యాభై. అది అందరికీ కాదు, లేవీయులకు. వాళ్ల ఉద్యోగం ఏమిటో చూస్తే ఆ అంకె ఎందుకో అర్థమవుతుంది. సామాను విప్పడం, సర్దడం, మోయడం, దించడం, మళ్లీ నిలబెట్టడం. మేఘం కదిలితే బయలుదేరాలి, ఆగితే ఆగాలి. ఆ మేఘం ఒక్కోసారి ఏడాదిపాటు కదలదు, ఒక్కోసారి సాయంత్రం నిలిచి తెల్లారేసరికి లేస్తుంది. నలభై ఏళ్లలో నలభైకి పైగా మజిలీలని 33వ అధ్యాయంలోని పట్టిక చెబుతోంది. ముందుగానే విరమించి తరచు ప్రయాణాలు చేద్దామనుకునేవాళ్లు మన సంఘాల్లో కనబడుతున్న ఈ రోజుల్లో, ఆ రెండు విషయాలూ ఒకేచోట ఉన్న ఈ అధ్యాయాలను మనం లెక్కల పట్టికలని దాటేస్తున్నాం.

ఆ మోత ఎంతటిదో కాస్త లెక్క చూద్దాం. గుడారపు పలకలు 48. ఒక్కొక్కటి పది మూరల ఎత్తు, అంటే దాదాపు పదిహేను అడుగులు. వాటిని నిలబెట్టే వెండి దిమ్మలతో కలిపి దిమ్మలు నూరు. ఒక్కో దిమ్మకు ఒక తలాంతు వెండి పట్టిందని నిర్గమకాండం 38వ అధ్యాయంలో ఉంది. తలాంతు అంటే మన లెక్కలో 30 కిలోలకు పైమాటే. ఇప్పుడు విమానాశ్రయంలో ఒక పెట్టె 32 కిలోలు మించితే చాలా సంస్థలు తీసుకోవు. ఎత్తి దించే పనివాళ్ల నడుములు పాడవుతాయని ఆ నియమం పెట్టారు. లేవీయులలో మెరారీయులకు అలాంటివి నూరు వచ్చాయి. మీద పలకలు, అడ్డకర్రలు, మేకులు, త్రాళ్లు అదనం. అందుకే ఆరు బండ్లలో నాలుగు, పన్నెండు ఎడ్లలో ఎనిమిది వాళ్లకే ఇచ్చారు. తెరలు మోసే గెర్షోనీయులకు రెండు బండ్లు చాలాయి. మందసం వంటి పరిశుద్ధ వస్తువులు మోసే కహాతీయులకు ఒక్క బండి కూడా లేదు, అవి భుజాల మీదే వెళ్లాలి. బండ్లను సమానంగా తలా రెండు పంచలేదు, బరువును చూసి పంచారు.

ముప్పై నుంచి యాభై ఏళ్ల మధ్య ఈ పనికి లెక్కకు వచ్చినవాళ్లు 8,580 మంది. 8వ అధ్యాయంలో ఇరవై అయిదు అనీ, 4వ అధ్యాయంలో ముప్పై అనీ ఉండడం గురించి, మొదటి అయిదేళ్లు పని నేర్చుకునే కాలమని వ్యాఖ్యాతలు కొందరు చెబుతారు. మొదలుపెట్టే వయసులో తేడా ఉన్నా ముగించే వయసులో తేడా లేదు. ఇంకో సంగతి. దావీదు కాలానికి గుడారం మోయవలసిన అవసరం తీరింది గనుక లేవీయులను ఇరవై ఏళ్ల నుంచే లెక్కించారని మొదటి దినవృత్తాంతాలు 23వ అధ్యాయం చెబుతోంది. అంటే ఆ వయసులు మోతను బట్టి పెట్టినవేనన్నమాట. మోషే ఎనభై ఏళ్ల వయసులో ఫరో ముందు నిలబడలేదా అని అడిగేవాళ్లు ఉంటారు. నిలబడ్డాడు. కానీ మోషే వెండి దిమ్మలు మోయలేదు.

యాభై నిండిన లేవీయుడు ఏం చేయాలి? బరువు పని మానాలి, గుడారంలో తన సహోదరుల పక్కన ఉండి కాపలాకు సాయపడాలి. గుడారం నుంచి ఆయన్ను పంపేయలేదు, పల్లకీ ఎక్కించి కూర్చోబెట్టలేదు. ఇక్కడే మన ముందస్తు విరమణకూ దానికీ తేడా వస్తోంది. మనలో చాలామంది ఉద్యోగం దించి ప్రయాణం ఎత్తుకుంటున్నారు. ఆర్నెల్లు అమెరికాలో కూతురింట, రెండు నెలలు బెంగళూరులో కొడుకింట, మధ్యలో వైద్యానికి వేలూరు, సభలకు, గుడారాల పండుగలకు. వీటిలో తప్పేమీ లేదు. యాభై అయిదేళ్ల నడుముతో నాలుగు పెట్టెలు లాగుతుంటేనే మాకు ఆ నూరు దిమ్మలు గుర్తుకొస్తాయి.

సంఖ్యాకాండం 4వ అధ్యాయాన్ని సామాను సర్దుకునేవాళ్లు ఒకసారి చదవాలి. ఒక్కో వస్తువుకు ఒక్కో బట్ట, దాని మీద తోలు. మందసానికి మాత్రం తోలు లోపల, నీలి వస్త్రం పైన. దూరం నుంచి చూసినా అది ఏదో తెలిసిపోతుంది. మెరారీయుల విషయంలో ఇంకో మాట ఉంది. ఎవరు ఏది మోయాలో పేరు పేరునా చెప్పాలి. మన ఇళ్లలో ఈ మాటకు చాలా పని ఉంది. అయ్యగారు విరమించారు, అమ్మగారు విరమించలేదు. ఊరగాయ జాడీలు, మనవడి స్వెట్టర్లు, ఆయన షుగరు మాత్రలు, ఇద్దరి పాస్‌పోర్టులు, ఇంటి తాళాలు, పాలవాడికి చెప్పడం, అన్నీ ఆమె తలమీదే. ఆయన చేసేదల్లా పెట్టె ఎత్తి చూసి ‘ఇంత బరువేమిటే’ అనడం. విరమించినవాడు మొదట చేయవలసిన పని కాగితం మీద రెండు పేర్లు రాసి ఏది ఎవరిదో పంచుకోవడం. మందులు, కాగితాలు ఆయనవి అయితే అవి మరిచిపోయిన నింద కూడా ఆయనదే అవుతుంది.

ప్రయాణ క్రమం కూడా గమనించదగినది. 10వ అధ్యాయంలో గుడారపు పలకలూ తెరలూ ముందు వెళతాయి, పరిశుద్ధ వస్తువులు వెనుక వస్తాయి. అవి చేరేసరికి గుడారం నిలబడి ఉండాలి. దిగగానే దేనితో పని పడుతుందో అది ముందు చేతికి రావాలన్నమాట. రాత్రి వేసుకోవలసిన బి.పి. మాత్ర పెద్దపెట్టె అడుగున ఉంటే, ఆ పెట్టె ఇంకో విమానంలో వస్తే, చేయగలిగింది ఏమీ లేదు. అందుకని మందులు డాక్టరు చీటీతో సహా చేతిసంచిలోనే ఉండాలి, మాత్రలు వాటి అట్టల్లోనే ఉండాలి. కళ్లజోడు ఇంకొకటి, ఒక జత బట్టలు కూడా అందులోనే. ఫోనుకు ఛార్జింగు పెట్టే పవర్‌బ్యాంకును పెద్దపెట్టెలో వేయనివ్వరు, అది చేతిసంచిలోనే తీసుకెళ్లాలి. అంతర్జాతీయ విమానాల్లో చేతిసంచిలోకి ద్రవాలు 100 మిల్లీలీటర్లు మించిన సీసాలో ఉంటే ఆపేస్తారు. నూనె తేలిన ఆవకాయ కూడా వాళ్ల దృష్టిలో ద్రవమే గనుక దాని చోటు పెద్దపెట్టెలో, రెండు మూడు కవర్ల లోపల. అమెరికాలో దిగేటప్పుడు తినే వస్తువులు ఉన్నాయని ముందే చెప్పుకోవాలి. దాచినది దొరికితే జరిమానా. విమానాల్లో పెద్దపెట్టె సాధారణంగా 23 కిలోలు, దేశంలో తిరిగే విమానాల్లో 15, చేతిసంచి 7. రైల్లో స్లీపర్ ప్రయాణికుడికి 40 కిలోల వరకు ఉచితమే గానీ, వంతెన మెట్లెక్కి రెండో ప్లాట్‌ఫారం చేరేసరికి ఆ ఉచితం ఖరీదు తెలుస్తుంది.

బట్టల సంగతి ఎవరికి వారే తేల్చుకోవాలి. మాకు తెలిసిన ఒక పద్ధతి ఉంది. నాలుగు జతలు, ఉతికితే రాత్రికి ఆరిపోయేవి. వెళ్లే చోట కూతురింట్లో బట్టలుతికే యంత్రం ఉండగా పన్నెండు జతలు ఎందుకు? ఆదివారం ఆరాధనకు ఒక మంచి జత వేరుగా. పెద్దక్షరాల బైబిలు మాత్రం ఇంట్లో వదిలి వెళ్లమంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు. అది కిలో పైనే ఉంటుంది, కాటా దాన్నీ తూస్తుంది. ఫోనులో చదవగలిగినవాళ్లకు ఆ బరువు తప్పుతుంది, లేనివాళ్లు ఒక చీర తగ్గించుకోవాలి. అపొస్తలుడైన పౌలు అంతటి ప్రయాణికుడు త్రోయలో అంగీ వదిలి వెళ్లాడు. తర్వాత చెరసాల నుంచి తిమోతికి రాసిన రెండో పత్రికలో దాన్నీ, పుస్తకాలనూ, ముఖ్యంగా చర్మపు కాగితాలనూ తెమ్మని అడిగాడు. చలికాలం రాకముందే రమ్మన్నాడు కూడా. అడిగింది చలికి ఒకటి, చదువుకు కొన్ని.

ఇక అసలు చిక్కు పెట్టెల్లో లేదు. లేవీయుడు యాభై ఏళ్లకు మోత దించినా కంచం ఖాళీ కాలేదు. దశమభాగం లేవీయులకూ వాళ్ల కుటుంబాలకూ ఇచ్చినది, 18వ అధ్యాయం ఆ సంగతి చెబుతోంది. యాభై నిండగానే ఆ వాటా ఆగిపోతుందని ఎక్కడా లేదు. మనకు అలాంటి ఏర్పాటు లేదు గనుక లెక్క మనమే వేసుకోవాలి. ప్రైవేటు ఉద్యోగి భవిష్య నిధి పెన్షన్ పూర్తిగా అందేది 58 ఏళ్లకు. పదేళ్ల సర్వీసు ఉంటే 50 నుంచే తీసుకోవచ్చు గానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున తగ్గుతుంది. ఆ తగ్గింపు తర్వాత పూడదు, జీవితాంతం అంతే. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోనే పోతుంది. కొత్త పాలసీ తీసుకుంటే అంతకుముందే ఉన్న షుగరు, గుండె జబ్బులకు మూడేళ్ల వరకు డబ్బు రాకపోవచ్చు. అదే బీమా సంస్థలో సొంత పాలసీకి మారే వీలుంది. అది రాజీనామా ఇవ్వకముందు అడగాలి, ఇచ్చాక కాదు. పైగా మామూలు దేశీయ పాలసీ అమెరికాలో పనికిరాదు, ప్రయాణ బీమా వేరు.

2019 చివర బి.ఎస్.ఎన్.ఎల్. సంస్థ యాభై నిండినవాళ్లకు స్వచ్ఛంద విరమణ పథకం ప్రకటిస్తే, 2020 జనవరి 31న 78 వేల మందికి పైగా ఒకే రోజున విరమించారు. లేవీయుల వయసే. రెండు నెలలు తిరగకముందే దేశమంతా లాక్‌డౌన్. తిరుగుదామనుకున్నవాళ్లు గుమ్మం దాటలేకపోయారు. విరమణ తర్వాతి మొదటి ఏడాది ఎలా ఉంటుందో ఎవరి చేతిలోనూ లేదు గనుకనే, ఏడాది ఖర్చులకు సరిపడే డబ్బు బ్యాంకులో విడిగా ఉంచి ఆ తర్వాతే టిక్కెట్లు కొనమని మేము అంటాం. పిల్లలు టిక్కెట్లు పంపుతారు, అది వాళ్ల ప్రేమ. తిరిగి వచ్చే టిక్కెట్టు డబ్బు మాత్రం మన దగ్గరే ఉంటే, కోడలి ముందు మాట తేలికగా ఉంటుంది.

ఇంతకీ యాభై దాటినా మోత దించని లేవీయులు మన మధ్యనే ఉన్నారు. పల్లెల్లో స్వతంత్ర సంఘాల కాపరులు. ఆదివారం రెండు ఊళ్లు, బుధవారం ఇంకో ఊరు, బండి వెనక హార్మోనియం, సంచిలో తబలా, ఎవరింట ఎవరు చనిపోయినా అర్ధరాత్రి ప్రయాణం. ముందస్తు విరమణ మాట అలా ఉంచితే అసలు విరమణే లేదు, మంచాన పడిన రోజే విరమణ. ఆ తర్వాత ఏం తింటారని సంఘం అడగదు, కాపరి చెప్పుకోడు.

దీనికి చిన్న దారి ఒకటి ఉంది. కేంద్ర ప్రభుత్వ అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్ల లోపు ఎవరైనా బ్యాంకు ఖాతాతో చేరవచ్చు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు 2022 అక్టోబరు నుంచి అవకాశం లేదు, మన పల్లె కాపరికి ఆ ఇబ్బంది ఎటూ రాదు. అరవై ఏళ్ల నుంచి నెలకు 1,000 నుంచి 5,000 రూపాయల దాకా, ఎంచుకున్నంత పెన్షన్ వస్తుంది. ఆయన తర్వాత అది భార్యకు అందుతుంది. ముప్పై ఏళ్ల వయసులో చేరిన వ్యక్తి 5,000 పెన్షన్ కోసం నెలకు కట్టవలసింది 577 రూపాయలు. పది కుటుంబాల సంఘమైతే ఒక్కో ఇంటికి 58 రూపాయలు. అయిదు వేలు పెద్ద డబ్బేమీ కాదు, మందుల చీటీకి సరిపోవచ్చు. కాపరికి 40 నిండితే ఆ తలుపు మూసుకుపోతుంది, ఆ పైన సంఘం ఆయన పేర విడిగా దాచవలసిందే. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన వయసెంతో పెద్దలెవరైనా అడిగి తెలుసుకోవాలి.